బూడిదరంగు బండి

"అదేటే, నల్లసీర కట్టినావు? పసిదాని పుట్టినరోజుకి నల్లసీర కట్టుకుని ఎల్తారేటి ఎవరైనా?"

అప్పలకొండ ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూడు వారాలుగా ఆ క్వార్టర్లో రాజుకుంటున్న నిప్పుకి అదొక ఎండుపుల్ల దొరికినట్టయింది.

అద్దం ముందు పమిట సర్దుకుంటున్న సత్యలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

"నల్లదా ఇది? పదేళ్ళ కిందట బోనసొచ్చిన నాడు పవర్‌హౌస్ బజార్లో రెండు గంటలు నిలబడి, 'ఈ నీలం నీకు బాగుంటాది సత్యా' అని ఏరి ఏరి కొన్నది నువ్వు గాదేటి? నువ్వు కొన్న సీరే నీకు గుర్తు లేకపోతే ఇంక నానేటి గుర్తుంటాను!"

"నీలమా?" అప్పలకొండ ఒక్క క్షణం చీర వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "ఆ, నీలమే. గదిలో ఎలుతురు లేదు."

మధ్యాహ్నం ఒంటిగంట. కిటికీలోంచి మంచం దాకా ఎండ పడుతోంది.

కూతురు భాగ్యరేఖ పకపకా నవ్వింది. భిలాయిలో పుట్టి భిలాయిలో పెరిగిన పిల్ల. కాలేజీలో రెండో సంవత్సరం. తెలుగు మాట్లాడుతుంది గానీ కోపానికీ నవ్వుకీ హిందీయే వస్తుంది.

"అరే అమ్మా, పాపా కా కలర్ సెన్స్ తెలీదా నీకు? బండి గ్రే కలర్ అని చెప్పలేదా? తీరా వచ్చింది చూస్తే ఆస్మానీ, ఆకాశం రంగు!"

బండి మాట ఎత్తకుండా ఉండాల్సింది ఆ పిల్ల కూడా.

సెక్టార్ ఫైవ్‌లో ఆ వీధి మొత్తానికి కారున్న వర్కరు ఇల్లు అదొక్కటే. పాతికేళ్ళ కిందట దుర్గ్‌లో ఒక వకీలు గారి కొట్టంలో, సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెడుతున్న ఆస్టిన్ కారుని చూసి మనసు పారేసుకుని, ఇంటికి తెచ్చుకున్నాడు అప్పలకొండ. ఉక్కు ప్లాంటు మెషిన్‌షాప్‌లో ఫిట్టరు. ఆ చేతులతోనే దాన్ని నడిపించాడు. "కారు సత్యలక్ష్మి గారిల్లెక్కడ?" అంటే రిక్షావాడు కూడా తిన్నగా తెచ్చి గుమ్మం ముందు దింపేవాడు.

అలాంటి కారు కిందటి నెల నడిరోడ్డు మీద దడదడా కొట్టుకుని ఆగిపోయింది. విప్పి చూస్తే ఇంజన్ లోపలి బేరింగులు కరిగిపోయి ఉన్నాయి.

"దాన్ని ఇంక తొందర పెట్టకూడదు," అని తేల్చాడు అప్పలకొండ. "పగలు దాన్నే తోలతా, సందేళ దాన్నే బాగుచేస్తా ఉంటే అదెప్పటికీ బాగవదు. తీరిగ్గా పడుకుని కోలుకోనీ. ఈలోగా తిరగడానికి ఏదో ఒక తుక్కుబండి చాలు."

ఆ తుక్కుబండి ఇదిగో, ఇది. స్కూటరు అమ్మేసి తెచ్చిన పాత మెటాడోర్ పికప్. టెంట్ హౌస్ వాడెవడో వదిలించుకున్నది. రెండు తలుపుల మీదా "శుభ్ మంగళ్ టెంట్ హౌస్" అన్న ఎర్రక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు. వచ్చిన మర్నాడే ఎవరో తలుపు తట్టి, వంద కుర్చీలూ రెండు షామియానాలూ కిరాయికి కావాలన్నారు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఈగల మోత సత్యలక్ష్మికి ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు పల్లకీ కూడా పోయింది.

ఇదంతా ఒక ఎత్తు, కిందటి ఆదివారం ఒక ఎత్తు. హథ్‌ఖోజ్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్న సామ్యూల్ ఆ పాతకాలపు బేరింగులకి తెల్లలోహం పోత పోసి ఇచ్చాడు. దాన్ని గీకి సరిచెయ్యబోయి అప్పలకొండ తన చేత్తో తనే పాడుచేశాడు. ముప్పై ఏళ్ళ ఫిట్టరు! సామ్యూల్ దగ్గర ఇంకొక్క పోతకి సరిపడా లోహమే మిగిలింది. షెడ్డు అమ్మేశాడు. రేపు సోమవారం పొద్దున్న రైలుకి భార్యతో సహా సామర్లకోట వెళ్ళిపోతున్నాడు. అలాంటి పోత తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు.

ఆ సాయంత్రమే సత్యలక్ష్మి అన్న రామచంద్రరావు ఇంటికొచ్చాడు. బావమరిదే గాని, అప్పలకొండ పనిచేసే మెషిన్‌షాప్‌కి మేనేజరు కూడా. "రాయపూర్ సేఠ్ ఒకాయన తన హోటల్ ముందు పెట్టుకోడానికి పాతకార్లు కొంటున్నాడు బావా. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యి. మర్యాదగా ఉంటుంది," అన్నాడు.

అప్పలకొండకి రోషం పొడుచుకొచ్చింది. "వచ్చే ఆదివారానికి ఇంజన్ కూర్చలేకపోతే తోలుకుపొమ్మను మీ సేఠ్‌ని!" అనేశాడు.

ఆ వచ్చే ఆదివారమే ఈ రోజు. సాయంత్రం ఆరింటికి రామచంద్రరావు మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆ సేఠ్ కూడా అక్కడికే వస్తాడట.

"హథ్‌ఖోజ్ ఎల్లి ఆరింటికి ఎలగొస్తావు?" అంది సత్యలక్ష్మి. "మా అన్న ఇంట్లో ఒక్క పండగకైనా టైముకి ఎల్లినామేటి మనం?"

"వస్తాను."

"వచ్చీవులే. ఆ ఇంజనుతోటే కాపరం సెయ్యి."

గుమ్మం బయట హారన్ మోగింది. ఏర్పాట్లలో సాయానికి చెల్లెలు ముందే రావాలని రామచంద్రరావు తెల్ల కారు పంపించాడు. డ్రైవరు లోపలికి తొంగి చూసి, చేతులు నలుపుకుంటూ అన్నాడు. "దీదీ, సాబ్ నే గాడీ భేజీ హై. బోలే, మెటాడోర్ మత్ లానా. మెహ్‌మాన్ రహేంగే."



మూడు వారాలుగా ఆ బండిని సత్యలక్ష్మి తిట్టని తిట్టు లేదు. ముసలి గేదె అంది, పాడె అంది, ఎదురింటివాళ్ళ ముందు దాని పేరెత్తితే ఒట్టు అంది. కానీ అది తన ఇంటి బండి. దాన్ని తిట్టే హక్కు తనది. అతిథుల కంట పడకూడదని అనడానికి అన్న ఎవడు?

"భాగ్యా, నువ్వు కార్లో ఎల్లు. పాపకి గౌనూ గాజులూ పట్టుకెళ్ళు," అంది. డ్రైవరు వైపు తిరిగింది. "సాబ్ సే బోల్నా, బహన్ ఆయేగీ తో అప్నీ గాడీ మే ఆయేగీ."

చెప్పులేసుకుని బయటికి నడిచి, టెంట్ హౌస్ అక్షరాల తలుపు దభాలున తీసి, పట్టుచీరతో సహా ఎక్కి కూచుంది.

అప్పలకొండ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏటలగ సూస్తావు? పద. నీ ఇంజను మీద పేమతో గాదు. ఆరింటికి నిన్ను సెవి పట్టుకుని లాక్కెల్లడానికి."

*

 దారంతా అప్పలకొండ మధ్య మధ్య ఏదో ఒకటి అడుగుతున్నాడు.

"సత్యా, ఎడంపక్క ఏటైనా వస్తందేటి సూడు."

"లారీ."

"దూరమా?"

"దగ్గరే. నీకు కళ్ళు లేవా?"

రాజీకి మాటలు కలుపుతున్నాడనుకుంది. అంత సులువుగా రాజీ పడదల్చుకోలేదు. ముక్తసరిగా జవాబిచ్చి కిటికీలోంచి బయటికి చూసింది.

పవర్‌హౌస్ చౌక్‌లో బండి ఆగింది. పక్కన స్కూటరు మీదున్నాయన తలుపు మీది అక్షరాలు చదువుకుని వంగి అడిగాడు. "భయ్యా, సౌ కుర్సీ కా క్యా రేట్ చల్ రహా హై?"

అప్పలకొండ తొణక్కుండా, "ఆజ్ ఛుట్టీ హై," అన్నాడు.

సత్యలక్ష్మికి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

*

సామ్యూల్ షెడ్డు సగం ఖాళీ అయిపోయి ఉంది. గోడ పక్కన తాళ్ళు కట్టిన మూటలు. మధ్యలో చెక్క బల్ల మీద ఆస్టిన్ ఇంజన్ దిమ్మ బోర్లించి ఉంది. పొట్టలో మూడు చోట్ల కొత్తగా పోసిన తెల్లలోహం తళతళలాడుతోంది.

"రండి చెల్లెమ్మగారూ, రండి," అంటూ సామ్యూల్ ఉన్న ఒక్క స్టూలూ తుడిచి వేశాడు. ఫౌండ్రీలో రిటైరైన మనిషి. బక్కగా ఉంటాడు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. "పోత బ్రహ్మాండంగా కుదిరిందండీ. కొండా, పోనీ గీకుడు కూడా నన్నే చేసెయ్యమంటావా?"

"వద్దు," అన్నాడు అప్పలకొండ. "ఫిట్టరుని నాను."

"సరే బాబూ. పోత నాది, గీకుడు నీది."

సత్యలక్ష్మికి అర్థం కావాలని సామ్యూలే చెప్పుకొచ్చాడు. "ఈ ఇనప కడ్డీ ఉంది చూశారా, ఇంజన్‌కి ప్రాణం ఇదే. దీనికి పల్చగా నీలంరంగు పూస్తాడండి. పూసి, ఈ పోతలో కూచోబెట్టి ఒక చుట్టు తిప్పి తీస్తే, పోత ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం అంటుతుంది. అంటినచోటే గీకాలి. అంటని చోట గీకామా, ఇంక అంతే. మొన్న అయినట్టే."

అప్పలకొండ చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. సంచిలోంచి మూడంచుల స్క్రేపరు తీసి కళ్ళకద్దుకున్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో సత్యలక్ష్మి మొగుడి పని చూడ్డం అదే మొదలు. ప్లాంటు గేటు లోపల ఆయన ఏం చేస్తాడో ఆమెకి తెలిసింది టిఫిను డబ్బా మీది గ్రీజు మరకల వల్లే. ఇప్పుడు చూస్తోంది. ఆ మొరటు చేతులు అంత బరువు కడ్డీని పురిటిబిడ్డలా ఎత్తి పోతలో దింపాయి. చప్పుడు లేకుండా ఒక చుట్టు తిప్పాయి. మళ్ళీ ఎత్తి గుడ్డ మీద పడుకోబెట్టాయి. స్క్రేపరు తగిలినచోట లోహం గోరంత పొట్టుగా లేచి పడుతోంది. ఏ రంపపు చప్పుడూ లేదు, ఏ హడావుడీ లేదు.

ఈ మనిషి నా మొగుడు అనుకుంది సత్యలక్ష్మి. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. 

"నీలం అంత మందంగా పూస్తున్నావేంటి కొండా?" అన్నాడు సామ్యూల్. "మొదట్లో సరే. ఇప్పుడు పల్చన చెయ్యాలి కదా. లేకపోతే సరైన చోటు ఎలా తెలుస్తుంది?"

"తెలుసులే."

నీలం పల్చన చేశాడు. కడ్డీ పెట్టాడు, తిప్పాడు, తీశాడు. వంగాడు. వేలితో తడిమాడు. స్క్రేపరు తీసుకున్నాడు.

సత్యలక్ష్మి కూచున్న చోటికి పోత స్పష్టంగా కనబడుతోంది. ఎడం అంచున మూడు నీలం చుక్కలున్నాయి. స్క్రేపరు కుడివైపుకి వెళుతోంది. అక్కడ ఏమీ లేదు. ఉత్త తెల్లలోహం.

"బావా, ఆగు!"

స్క్రేపరు గాల్లో ఆగింది. అప్పలకొండ తలెత్తలేదు. మెడ మీద చెమట కారుతోంది.

ఆమె లేచి బల్ల అవతలి వైపుకి వెళ్ళి, వంగి, ఆయన ముఖంలోకి చూసింది. రేకు కంతలోంచి ఎండ ఏటవాలుగా ఆయన కంటి మీద పడుతోంది. నల్లగుడ్డు మధ్యలో పాలమీద కట్టిన మీగడలా పల్చటి పొర. రెండు కళ్ళలోనూ.

నల్లచీర. బూడిదరంగు బండి. ఎడంపక్క ఏటైనా వస్తందేటి సూడు.

ఒక్కసారిగా అన్నీ వచ్చి గుండెల మీద పడ్డాయి. కిందటి ఆదివారం పోత పాడైంది చెయ్యి తప్పి కాదు. ఈ మనిషికి నీలం కనబడ్డం లేదు. కనబడని నీలాన్ని వేలితో వెతుక్కుంటూ ఉత్తచోట గీకుకుంటూ పోయాడు. ఆ మాట చెప్పలేక మింగలేక కక్కలేక ఇన్నాళ్ళూ ఒక్కడే తిరిగాడు. ఆ కళ్ళతోనే పెళ్ళాన్ని ఎక్కించుకుని లారీల మధ్య ఇంతదూరం వచ్చాడు. చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

కానీ అన్నిటికంటే ముందు తోచింది ఒకటే. సామ్యూల్ ముందు ఈయన తల దించుకోకూడదు.

"ఊరికే కూకుంటే ఇసుగొస్తంది బావా," అంది పైకి, గట్టిగా. "నీలం ఎక్కడున్నాదో నాను ఏలెట్టి సూపిస్తాను. నువ్వు గీకు. బేగి అయిపోద్ది. ఆరింటికి ఎల్లాలి."

అప్పలకొండ అప్పుడు తలెత్తాడు. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. స్క్రేపరు గుడ్డకి తుడిచాడు. "సీరకి మరకలవుతాయే," అన్నాడు.

"నల్లసీరే గదా. కనబడవులే."

సామ్యూల్ చిన్నగా దగ్గాడు. మూటలు బిగించాలంటూ గోడవైపు తిరిగి, ఎప్పుడో బిగించిన మూటనే విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

సత్యలక్ష్మి పమిట నడుముకి బిగించింది.

"ఇక్కడ."

"ఎంత?"

"కందిగింజంత."

స్క్రేపరు కదిలింది. పొట్టు రాలింది.

"ఇక్కడ. ఇంకా సిన్నది. ఆవగింజంత."

"అంచు మీదా, లోపలా?"

"అంచు మీద. మెల్లిగా. ఆ, సాలు. వొగ్గీ."

కడ్డీ పెట్టడం, తిప్పడం, తియ్యడం. ఆమె వేలు, ఆయన చెయ్యి. మొదట్లో ఆమె చెప్పాక ఆయన ఒకసారి తడిమి చూసుకునేవాడు. తర్వాత తడమడం మానేశాడు. ఎన్నిసార్లయిందో ఇద్దరూ లెక్కపెట్టలేదు. రేకు కంతలోంచి పడే ఎండ బల్ల దాటి, గోడ ఎక్కింది. కందిగింజలన్నీ పోయాయి, ఆవగింజలూ పోయాయి. చివరికి మూడు పోతల మీదా నీలం సన్నరవ్వ చల్లినట్టు సమంగా పరుచుకుంది.

"ఇంకెక్కడా గుంపు లేదు బావా. అంతా ఒక్కలాగే ఉంది."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

సామ్యూల్ వచ్చి టార్చి వేసి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మాట్లాడకుండా మూతలు పెట్టి బోల్టులు బిగించి, కొంచెం నూనె వేసి, కడ్డీ చివర చూపుడువేలు ఆనించాడు. ఒక్క వేలు. అంత బరువు ఇనుమూ నూనెలో జారినట్టు గుండ్రంగా తిరిగింది.

"ఇన్నేళ్ళలో ఎన్నో పోతలు పోశానండీ," అన్నాడు సామ్యూల్.  "ఇలాంటి గీకుడు మూడో నాలుగో చూసుంటాను. రేపు రైల్లో దీని సంగతే మా ఆవిడ డైసీకి చెప్పుకుంటూ వెళ్తాను. ఎవరి కళ్ళో గానీ చెల్లెమ్మా, దేవుడు చల్లగా చూడాలి."

*

గొలుసు కప్పీతో ఇంజన్‌ని ఎత్తి బండి వెనక దింపి తాళ్ళు కట్టేసరికి ఐదున్నర దాటింది. సామ్యూల్ లోపలికి వెళ్ళాక బండి పక్కన ఇద్దరే మిగిలారు.

"ఎప్పట్నించి?" అంది సత్యలక్ష్మి.

"దీపావళికి ముందు. మొదట మసకేసింది. తర్వాత రంగులు ఎలిసిపోనాయి."

"నాకు సెప్పాలనిపించలేదా?"

"సెప్తే ఏటి సేస్తావు? ఆసుపత్రికి తోలతావు. ఆళ్ళు కళ్ళు పనికిరావని రాసీస్తారు. షాపులోంచి తీసి స్టోర్‌రూములో స్టూలు మీద కూకోబెడతారు. ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా బతికినోణ్ణి, ఇంకో నాలుగేళ్ళు బోల్టులు లెక్కెట్టుకుంటా బతకాలా?"

"ఆపరేషన్ సేస్తే వచ్చీస్తాది గదా సూపు."

"మా అయ్యకీ అలాగే సెప్పినారు. ఉన్నదీ పోయింది."

"అది ఎప్పటి మాట! నువ్వింకా గోసీ కట్టుకుని తిరిగీ రోజులు."

ఆయన ఇంజన్ తాడు ముడి మరోసారి లాగి చూశాడు. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతోంది. అది పొద్దు గుంకే ఎరుపో, కొలిమి ఎరుపో ఆయనకి తెలుస్తోందా అని ఆమెకి అనుమానం వచ్చింది. అడగలేదు.

"ఎవరికీ సెప్పకు సత్యా," అన్నాడు చివరికి. "మీ అన్నకి అసలే వొద్దు."

ఆమె చెయ్యి చాపింది.

"తాళం ఇటియ్యి."

"నీకేటి పిచ్చా!"

"కళ్ళు కనబడనోడివి ఇంతదూరం తెచ్చినావు. కళ్ళున్నదాన్ని నాను తీసుకెల్లలేనా?"

పాతికేళ్ళ కిందట రిసాలి మైదానంలో నాలుగు ఆదివారాలు ఆస్టిన్ నడపడం నేర్పాడు అప్పలకొండ. నాలుగో ఆదివారం అన్న చూశాడు. వర్కరు పెళ్ళాం కారు నడపడమేమిటి, జనం నవ్వుతారన్నాడు. ఐదో ఆదివారం ఆమె వెళ్ళలేదు. అప్పలకొండ కూడా మళ్ళీ అడగలేదు.

తాళం ఆమె చేతిలోకి వచ్చింది.

బండి మొదటిసారి గింజుకుని ఆగిపోయింది. రెండోసారీ అంతే. "క్లచ్ మెల్లిగా వొగ్గు. గుడ్డు పగలకూడదు, అలగ," అన్నాడు ఆయన. మూడోసారి కదిలింది. రెండో గేరు దాటలేదు. సైకిళ్ళు దాటుకుని పోయాయి. డ్యూటీ దిగి వస్తున్న వాళ్ళు తిరిగి తిరిగి చూశారు. పట్టుచీర కట్టుకుని, నీలం చేతులతో టెంట్ హౌస్ బండి తోలుతున్న మనిషిని, వెనక తాళ్ళతో కట్టిన ఇంజన్‌ని. చూస్తే చూడనీ అనుకుంది సత్యలక్ష్మి. కారులో వెనక కూచున్న పాతికేళ్ళలో ఏనాడూ ఆమె తల ఇంత నిటారుగా నిలబడలేదు.

"ఎడంపక్క ఏటైనా వస్తందేటి?" అన్నాడు అప్పలకొండ, అలవాటు కొద్దీ.

"ఏటీ రాలేదు. నువ్వు నిమ్మళంగా కూకో."

*

సెక్టార్ టెన్‌లో రామచంద్రరావు బంగళా ముందు కంచె పొడుగునా రంగు బల్బులు వెలుగుతున్నాయి. లాన్‌లో కుర్చీలు, అతిథులు. మెటాడోర్ గేటు ముందు ఆగగానే మాటలు ఆగాయి.

భాగ్యరేఖ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! నువ్వు చలాయించావా? సచ్చీ?"

వెనకాలే సఫారీ సూటులో రామచంద్రరావు. నవ్వు ముఖం మీదే ఉంది, మాట మాత్రం పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

"ఇదేంటి సత్యా? చేతులకి ఆ రంగేంటి? నువ్వు నడపడమేంటి? బావ తాగాడా?"

"తాగలేదు. నాకే సరదా పుట్టిందన్నయ్యా. పాతికేళ్ళ కిందట నువ్వు మాన్పించిన సరదా."

అన్న ముఖం కందిపోయింది. ఏదో అనబోయేలోగా రాయపూర్ సేఠ్ గ్లాసు పట్టుకుని అక్కడికి వచ్చాడు. అప్పలకొండ తలుపు పట్టుకుని జాగ్రత్తగా కిందికి దిగాడు.

"ఇంజన్ ఎంతవరకు వచ్చింది?" అన్నాడు రామచంద్రరావు, అందరికీ వినబడేలా.

"అయిపోయింది బావా. సూసుకోమను."

సేఠ్ పాతకార్ల మనిషి. గ్లాసు పక్కన పెట్టి బండి వెనక్కి ఎక్కాడు. కడ్డీ చివర ఒక్క వేలు ఆనించాడు. అది తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ తిరిగింది.

"వాహ్ మిస్త్రీజీ!" అన్నాడు. "క్యా ఆంఖ్ హై ఆప్‌కీ! నేను ఓడిపోయాను. ఈ కారు నాకు అమ్మమని ఇంక అడగను."

లాన్‌లో ఎవరో చప్పట్లు కొట్టారు. రామచంద్రరావుకి కూడా ఛాతీ పొంగింది. ఎంతైనా తన షాపు మనిషి. "మా మెషిన్‌షాప్‌లో కొండ కన్నంటే కన్నే సేఠ్‌జీ. రేపటి నుంచి మిల్లు పెద్ద బేరింగుల పని కూడా ఇతనికే ఇస్తున్నాను," అన్నాడు అతని భుజం తట్టి.

 కారు నిలబడింది. పరువు నిలబడింది. ఆయన ఒక్క నమస్కారం పెట్టి ఊరుకుంటే చాలనుకుంది సత్యలక్ష్మి.

అప్పలకొండ నమస్కారం పెట్టలేదు. రంగుబల్బుల వెలుతురులో భార్య ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఆమె చీర ఆయనకి నల్లగానే కనబడుతుందని ఆమెకి తెలుసు.

"కన్ను నాది గాదు బావా," అన్నాడు.

"ఏంటీ?"

"నాకు నీలం కనబడదు. కళ్ళకి పొరలొచ్చినాయి. గీకింది నా సెయ్యే. సూసింది మాత్రం మీ సెల్లి. ఆ ఇంజన్ అది కూర్చింది. బండీ అదే తోలింది. ఆ పేరు నాకొద్దు. దానిది దానికియ్యండి."

 భాగ్యరేఖ తల్లి చెయ్యి పట్టుకుంది.

రామచంద్రరావు చెయ్యి అప్పలకొండ భుజం మీది నుంచి మెల్లిగా కిందికి దిగింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

అది బావమరిది గొంతు కాదు. దీపావళి నుంచి ఇవాళ్టి దాకా ఆ కళ్ళు చూసి పంపిన ప్రతి పని కింద సంతకం పెట్టిన మేనేజరు గొంతు.

సత్యలక్ష్మి బండి తాళం బొడ్లో దోపుకుని, నాలుగడుగులు నడిచి, మొగుడి పక్కన వచ్చి నిలబడింది.